బావ బండి మొండికేసింది

జూన్ 3

ఈరోజు కూడా స్టార్ట్ కాలేదు.

జూన్ 4

పొద్దున్నే మళ్ళీ అక్క ఇంటి షెడ్డుకు వెళ్ళాను. తాళం తిప్పాను. స్టార్టర్ తిరిగింది, తిరిగింది, చుట్ట కాల్చే ముసలాడిలా దగ్గింది, ఆగింది. మళ్ళీ తిప్పాను. మళ్ళీ అదే దగ్గు. బ్యాటరీ కొత్తది, పెట్రోలు కొత్తది. నా కోపం ఒక్కటే పాతది.

అసలు ఈ బండితో నాకేం పని? ఇది బావది. బతికున్నన్నాళ్ళూ దాని బానెట్ మీద నన్ను చెయ్యి వెయ్యనివ్వలేదు. "దీనికి కార్బురేటర్ లేదోయ్, ఇంజెక్షన్. నీకు అర్థం కాదు" అనేవాడు. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ లిఫ్టులు తనిఖీ చేస్తున్నాను. ఇనప తాడు మీద వేలాడే పెట్టెను చూసి ఇందులో మనుషులు ఎక్కొచ్చో లేదో తేల్చి, ఎక్కకూడదంటే తాళం వేసి సీలు కొడతాను. ఆవలిస్తే పేగులు లెక్కపెడతాడని ఆఫీసులో నాకు పేరు. అలాంటి నాకు నేలమీద నాలుగు చక్రాలతో నిలబడ్డ డబ్బా అర్థం కాదట! ఇప్పుడు ఆయన దర్జాగా వెళ్ళిపోయాడు. డబ్బా నా నెత్తిన పడింది.

నెత్తిన పెట్టింది అక్క. బావ పోయినప్పటి నుంచీ ఆవిడ గేటు దాటలేదు. మా ఇంటికి రమ్మంటే తల అడ్డంగా ఊపుతుంది. కళ్ళజోడు మార్పిద్దాం రమ్మంటే "చూడాల్సినవన్నీ కనిపిస్తూనే ఉన్నాయి" అంటుంది. సామాన్లు ఫోన్లో చెబితే గుమ్మానికి వస్తాయి. నేను మొన్న గొంతు పెంచి, ఇలా నాలుగు గోడల మధ్య ఎన్నాళ్ళు కుళ్ళిపోతావు అని అరిస్తే, నెమ్మదిగా ఒక్కమాట అంది.

"వస్తే మా బండిలోనే వస్తానురా. అది నడిచిన రోజు పిలువు."

నోట్లో నాలుక లేని మనిషి. అలాంటివాళ్ళు ఒక్కమాట అన్నారంటే ఇక దాన్ని కదపలేం. సరే, నడిపిస్తాను. బండి కదిలితే అక్క కదులుతుంది. ఇందులో అర్థం కానిదేమీ లేదు.

జూన్ 6

సర్జన్‌ని పిలిపించాను. బజారు చివర షెడ్డులో పాత ఇంజెక్షన్ బళ్ళు చూస్తాడు. ఏ బండి వచ్చినా ముందు కోసేసి, జబ్బేమిటని తర్వాత అడుగుతాడు. అందుకే ఆ పేరు. ప్లగ్గులు మార్చాడు. పెట్రోలు పంపు మార్చాడు. నా అనుమతి అడగకుండా సైలెన్సర్ కూడా విప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.

చివరికి ఎలాగో అంటుకుంది. అంటుకుని ఏం లాభం? కాలు తీసేస్తే ఇంజన్ చప్పుడు పెరుగుతుంది, తగ్గుతుంది, మళ్ళీ పెరుగుతుంది, మళ్ళీ తగ్గుతుంది. ఒక్కచోట నిలబడదు.

"ఐడ్లింగ్ ఇంతే సార్ ఈ వయసులో. మనకి మాత్రం బీపీ ఎక్కి దిగట్లేదూ?" అన్నాడు సర్జన్.

"మనకి అనకు. నీకు అను."

ఇంటికొచ్చి ఈ ముక్క చెబితే మా ఆవిడ నవ్వింది. "నిజమే, అతనికే. మీకు ఎక్కడమే గానీ దిగడం ఎక్కడ చూశాం?"

జూన్ 7

చల్లగా ఉంటే స్టార్ట్ కాదు. వేడెక్కాక ఆపితే మళ్ళీ స్టార్ట్ కాదు. మరి ఎప్పుడవుతుందట? దానికి బుద్ధి పుట్టినప్పుడు. అచ్చం యజమాని పోలికే.

జూన్ 9

సర్జన్‌ని మానిపించాను. ఇక నేనే చూసుకుంటాను. లిఫ్టు ఆగిపోతే మేం ముందు ఏ సామానూ మార్చం. ఏది వస్తోంది, ఏది రావట్లేదు అని వరసగా చూసుకుంటూ పోతాం. ప్లగ్గుల్లో నిప్పురవ్వ వస్తోంది. పంపు మోగుతోంది, పెట్రోలు వస్తోంది. అంటే రావాల్సింది ఇంకేదో రావట్లేదు.

బానెట్ కింద తల పెట్టినప్పుడల్లా బావ మీద కోపం పొంగుకొస్తోంది. ఎందుకు రాకూడదు? ఆదివారం వస్తే చాలు, ఇద్దరం పేకముక్కలు పంచుకుని పోట్లాడుకునేవాళ్ళం. ఉన్నట్టుండి రావడం మానేశాడు. నేను వెళ్తే కుర్చీలోంచి లేచేవాడు కాదు. టీ ఎడమచేత్తో తాగడం ఒకటి, కొత్త నాజూకు! ఒకసారి చెయ్యి కలుపుదామని చాచితే చూడనట్టు తల తిప్పుకున్నాడు. బండిలో బజారు దాకా దింపమంటే "పెట్రోలు లేదోయ్" అన్నాడు, ముల్లు సగం మీద ఉండగానే. నేను చూడలేదనుకున్నాడు. అన్నీ చూశాను. ఆసుపత్రిలో చేర్పించాక గానీ నాకు ఫోను రాలేదు. జ్వరం అన్నారు. ఊపిరితిత్తులన్నారు. నేను వెళ్ళేసరికి మాట లేదు.

ఇంతకీ రాస్తున్నది బండి గురించి.

జూన్ 11

దొరికింది! కొండను తవ్వి ఎలుకను పట్టాను.

రాసుకుంటే గానీ నా బుర్రకెక్కదు కాబట్టి రాస్తున్నాను. పాత బళ్ళలో చోక్ చేసే పనికి ఈ బండిలో విడిగా ఒక చిన్న ఇంజెక్టర్ ఉంది. ఇంజన్ చల్లగా ఉంటే నాలుగు చుక్కల పెట్రోలు అదనంగా చిమ్ముతుంది. చల్లగా ఉందో లేదో కనిపెట్టి దానికి కరెంటు వదలడానికి ఇంజన్‌కే ఒక స్విచ్చు బిగించి ఉంటుంది. ఆ స్విచ్చుకు వెళ్ళాల్సిన వైరు ఎవరో కోసేశారు! దాని బదులు ఒక ఎర్ర వైరు అతికించి, బండి లోపలికి లాగారు. అతుకుల మీద టేపు జడ అల్లినట్టు ఇంతమందం చుట్టారు. వైరు వెంట పాక్కుంటూ వెళ్ళాను. డ్యాష్‌బోర్డు కింద, బోర్లా పడుకుని తల పెడితే గానీ కనిపించని చోట, ఆ వైరు చివర ఏముందీ?

కాలింగ్ బెల్ బటన్. ఇంటి గుమ్మం పక్కన ఉంటుందే, అదే. రెండు స్క్రూలతో బిగించి ఉంది.

అదైనా డ్రైవరు వైపు కాదు. పక్క సీటు వైపు! స్టీరింగ్ దగ్గర కూర్చున్నవాడు ఎంత వంగినా చెయ్యి అందదు. తాళం ఇక్కడ, బటన్ అక్కడ. ఇలా బిగించినవాడికి బుర్ర ఎక్కడుందో మరి. ఒక చిన్న స్విచ్చు పాడైతే దాన్ని మార్చడం మానేసి ఇంత భాగోతం! తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే మనిషి, మూడు కాళ్ళ కుందేలును నాకు వదిలి వెళ్ళాడు.

జూన్ 12

బటన్ పీకేశాను. ఎర్ర వైరు మొత్తం లాగేశాను. చెత్తబుట్టలో పడేశాక గానీ నా ఒళ్ళు చల్లబడలేదు.

జూన్ 14

పాత సామాన్ల కొట్టులో ఇలాంటి బండే ఇంకొకటి తుక్కుగా పడి ఉంటే దాని స్విచ్చు విప్పి తెచ్చి బిగించాను. పొద్దున మంచుముద్దలా ఉన్న ఇంజన్, ఒక్క తిప్పుకు అందుకుంది. ఒక్క తిప్పుకు! షెడ్డులో నేనొక్కణ్ణే ఉన్నా చప్పట్లు కొట్టాను.

అక్క వంటింటి కిటికీలోంచి చూసింది. చెయ్యి ఊపాను. ఆవిడ ఊపలేదు. చెవిపెట్టి వింటున్నట్టు నిలబడింది, కాసేపటికి లోపలికి వెళ్ళిపోయింది. సంతోషపడి ఉంటుంది. చెప్పదు కదా.

జూన్ 15

ఇక ఐడ్లింగ్ సంగతి. ఈ బండి తను పీల్చే గాలిని కొలుచుకుని, ఆ కొలతకు తగ్గ పెట్రోలు పోసుకుంటుంది. కొలత దాటాక ఏ చీలికలోంచో దొంగగాలి దూరిందంటే లెక్క తప్పుతుంది. ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక చిట్కా ఉంది. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తియ్యాలి. ఆరోగ్యంగా ఉన్న బండైతే తడబడి ఆగిపోబోతుంది. తీశాను. దీనికి చీమ కుట్టినట్టయినా లేదు. అంటే అప్పటికే ఎక్కడో దొంగ లోపలే ఉన్నాడు.

గాలి కొలిచే పెట్టె వెనకాల లావుపాటి రబ్బరు గొట్టం. దాని అడుగున జానెడు చీలిక. దాని మీద సైకిల్ ట్యూబు ముక్క, మళ్ళీ జడ అల్లినట్టు టేపు! చూడగానే ఒళ్ళు మండింది. ఈ మనిషి ఏ ఒక్కపనీ సరిగ్గా చెయ్యలేదా?

జూన్ 17

కొత్త గొట్టం వేశాను. ఇప్పుడు అసలు నడవట్లేదు. నల్లటి పొగ. రెండు నిమిషాలు గుడగుడలాడి ఆగిపోతోంది. గోరుచుట్టు మీద రోకలిపోటు.

పానా విసిరేశాను. షెడ్డు రేకుకు సొట్ట పడింది. మా ఆవిడకు చెప్పలేదు.

జూన్ 18

తెలిసింది. బావ గొట్టం మార్చకుండా, ఆ చీలికకు సరిపడా పెట్రోలు ఎక్కువ పోసేలా స్క్రూ తిప్పి పెట్టుకున్నాడు. జబ్బును జబ్బుతో సర్దాడు. నేను ఒక జబ్బు నయం చేసేసరికి రెండోది బయటపడింది. ఒక్కొక్క స్క్రూనూ కంపెనీవాడు పెట్టిన గీత దగ్గరకు వెనక్కి తెచ్చాను.

ఐడ్లింగ్ స్క్రూ మరీ ఘోరం. ఎంత పైకి పెట్టాడంటే, యాక్సిలరేటర్ మీద కాలు పెట్టకుండానే బండి గేర్లో పాకుతుంది. నడవడానికి బద్ధకించేవాళ్ళుంటారు గానీ, కాలు నొక్కడానికి కూడా బద్ధకమా!

అసలు విషయం ఇంకా ఉంది. ఆ పెడల్‌ని వెనక్కి లాగడానికి రెండు స్ప్రింగులుండాలి. ఒకటి తీసేశాడు. ఎందుకంటే పెడల్ తేలిగ్గా ఉండటానికి, ఇంకెందుకు! మిగిలిన ఒక్కటి తెగితే? బండి ఆగకుండా దూసుకుపోతే? పక్కన మా అక్క కూర్చుని ఉంటే? ఇలాంటి పని లిఫ్టులో చేసి ఉంటే సీలు వేసి, ఆ భవనం యజమానిని నడిబజారులో నిలబెట్టేవాణ్ణి. ఈయన నాకు పెద్దరికం నేర్పినవాడు! బతికి ఉంటే ఈరోజు చొక్కా పట్టుకునేవాణ్ణి. చొక్కా పట్టుకోవడానికైనా ఉండాలి కదా మనిషి.

రెండో స్ప్రింగు వేశాను.

జూన్ 20

అన్నీ దారికొచ్చాయి. చల్లటి ఇంజన్ ఒక్క తిప్పుకు అందుకుంటోంది. ఐడ్లింగ్‌లో ఇంజన్ మీద టీ గ్లాసు పెడితే తొణకదు. ఒక్క వేడి జబ్బు మిగిలింది. సర్జన్ వేసిన పంపు పనికిమాలినది, వేడి మీద ఆపితే పెట్రోలు వెనక్కి జారిపోతోంది. దారిలో ఆపకపోతే సరి. మంచి పంపు దొరికాక మారుస్తాను.

రేపు అక్కను తీసుకెళ్తున్నాను. మా ఆవిడ ఇల్లంతా సర్దుతోంది. "మీ అక్కయ్య వచ్చాక బండి గురించి ఉపన్యాసం మొదలుపెట్టకండి, ఆవిడ మళ్ళీ లోపలికెళ్ళి కూర్చుంటుంది" అంది.

జూన్ 21

ఏం రాయాలో తెలియట్లేదు. కాగితం చిరిగేంత కోపంగా ఉంది.

పొద్దున బండిని గుమ్మం ముందుకు తెచ్చి ఆపాను. ఇంజన్ చల్లబడేదాకా ఆగాను, ఆవిడ ముందు ఒక్క తిప్పుకు స్టార్ట్ చేసి చూపించాలని. అక్క బయటికొచ్చింది. చెప్పులు వేసుకుంది, సంచీ పట్టుకుంది, జుట్టు దువ్వుకుంది. ఎన్నాళ్ళకు! అద్దం తుడుస్తున్నట్టు నటించాను.

పక్క సీట్లో కూర్చుంది. తలుపు వేసుకుంది. నేను తాళం పెట్టగానే ఆవిడ చెయ్యి దానంతటదే డ్యాష్‌బోర్డు కిందికి వెళ్ళింది. చూడను కూడా చూడలేదు. కాసేపు తడిమింది. ఇటు తడిమింది, అటు తడిమింది.

"ఏదిరా?"

"ఏది?"

"బటన్."

"అదా! పీకేశానక్కా. ఇక దాని అవసరం లేదు. చూడు."

తిప్పాను. ఒక్క తిప్పుకు అందుకుంది. ఆమె ముఖంలోకి చూశాను. ఆవిడ చెయ్యి ఇంకా అక్కడే, స్క్రూలు ఉన్న చిల్లుల మీదే ఉంది. తర్వాత చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. తలుపు తీసి దిగింది. సంచీ తీసుకుని లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంది.

ఇంజన్ చక్కగా నడుస్తోంది. నేను బయట నిలబడి తలుపు బాదుతున్నాను. వీధిలో జనం చూస్తున్నారు.

ఇంత చేస్తే! మోకాళ్ళు దోక్కుపోయాయి. గోళ్ళలో నలుపు పోవట్లేదు. ఆదివారాలన్నీ ఆ షెడ్డులో తగలేశాను. ఒక కాలింగ్ బెల్ బటన్ కోసం!

జూన్ 22

ఫోను ఎత్తలేదు.

జూన్ 23

ఎత్తలేదు. మంచిదే. నేనూ చెయ్యను.

సాయంత్రం చేశాను. ఎత్తలేదు.

జూన్ 25

వెళ్ళాను. గడియ తీసే ఉంది. అక్క వంటింట్లో గిన్నెలు తోముతోంది. మంచినీళ్ళు కూడా అడగకుండా మొదలుపెట్టాను. ఏం తప్పు చేశానని వీధిలో నా పరువు తీశావు, నడిచే బండి కావాలంటే నడిచే బండిని ఇవ్వలేదా అని.

"నడిచే బండి ఇచ్చావు. అది మా బండి కాదు" అంది.

"ఒక బటన్ పీకినందుకే కాకుండా పోయిందా? ఆ దిక్కుమాలిన బటన్ బిగించడానికి బావకు బుద్ధి లేకపోతే..."

"బిగించింది నేను."

ఆవిడ గిన్నె కడిగి బోర్లించింది.

"వైరు ఎక్కణ్ణుంచి ఎక్కడికో ఆయన చెప్పారు. అతికింది నేను. టేపు చుట్టింది నేను. అప్పటికే ఆయన వేళ్ళు వైరు పట్టుకోవట్లేదు."

తర్వాత చెప్పింది. గిన్నెలు తోముతూనే చెప్పింది, నా వైపు తిరగకుండా. ముందు కుడిచేతి వేళ్ళట. చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయేవాడట. తర్వాత గ్లాసు. తర్వాత కుడికాలు. నరాల జబ్బు. ఏళ్ళ క్రితమే తేలింది, ఒకరు కాదు ముగ్గురు డాక్టర్లు చూశారు, తగ్గేది కాదన్నారు.

"తాళం తిప్పడానికి రెండు చేతులూ కావాల్సొచ్చేవి. స్విచ్చు పాడైంది. కొత్తది వెయ్యడం ఆయనకు చేతకాదు, మెకానిక్ దగ్గరికి వెళ్తే ఆ నోటా ఈ నోటా నీకు చేరుతుంది. అందుకని బటన్ నా వైపు పెట్టుకున్నాం. ఆయన తాళం తిప్పేవారు, నేను నొక్కేదాన్ని. స్టీరింగ్ ఎడమచేత్తో పట్టుకునేవారు, గేర్లు నేను వేసేదాన్ని. క్లచ్ తొక్కి ఊఁ అనేవారు. నేను వేసేదాన్ని."

"మీకు పిచ్చా? ఎవరినైనా గుద్దేసి ఉంటే?"

"గుద్దలేదు."

"అది జవాబు కాదక్కా!"

"తెలుసు" అంది. "తెలుసు కాబట్టే తెల్లారగానే, రోడ్డు మీద పిట్ట కూడా లేనప్పుడు వెళ్ళేవాళ్ళం. చివరి ఏడాది అదీ మానేశాం. షెడ్డు తలుపులు బార్లా తీసి, స్టార్ట్ చేసి కూర్చునేవాళ్ళం. ఆయన తిప్పడం, నేను నొక్కడం, అది అందుకోవడం. అంతే. కాసేపు కూర్చుని లోపలికొచ్చేవాళ్ళం."

నేను అరిచాను. అరిచాననే రాస్తున్నాను. "మరి నాకెందుకు చెప్పలేదు? నేను పరాయివాణ్ణా?"

"నీకు చెబితే తాళాలు లాక్కునేవాడివి."

నిజమే. లాక్కునేవాణ్ణే. నా ఉద్యోగమే అది. కానీ ఆ మాట ఒప్పుకోబుద్ధి కాలేదు.

"ఊరుకునేవాణ్ణి కాదు, అవును! ఎక్కడెక్కడి డాక్టర్ల దగ్గరికైనా తిప్పేవాణ్ణి. బాగు చేయించేదాకా నిద్రపోయేవాణ్ణి కాదు."

"అందుకే" అంది అక్క.

కుళాయి కట్టేసింది. చేతులు తుడుచుకుంది.

"అందరూ ఆయన్ని బాగుచేద్దామని చూసేవాళ్ళేరా. ఆయనకి బండి నడుపుకోవాలని ఉంది. నీతో వాదిస్తూ కూర్చునేంత టైము లేదు ఆయనకి. నీ ఎదురుగా కుర్చీలోంచి లేవలేక, ఆదివారం రావడం మానేశారు. నువ్వెళ్ళిపోయాక ముక్కలు ముందేసుకుని కూర్చునేవారు."

నేను కుళాయిని ఇంకాస్త బిగించాను.

"దాన్ని మళ్ళీ పాడు చెయ్యి" అంది.

"ఏమిటి?"

"ముందు ఎలా ఉందో అలా చెయ్యి. నేను నొక్కితే గానీ అది స్టార్ట్ కాకూడదు."

"బాగున్నదాన్ని పాడు చెయ్యడం నా వల్ల కాదు" అని అరిచి వచ్చేశాను. దారంతా బావను తిట్టుకుంటూనే వచ్చాను. మూర్ఖుడు. పొగరుబోతు. ఒక్కమాట చెప్పి ఉంటే లాక్కునేవాణ్ణేమో, కానీ ఎదురుగా కూర్చుని ముక్కలు పంచేవాణ్ణి కదా. నేను పంచేవాణ్ణి, ఆయన ఎడమచేత్తో పట్టుకునేవాడు. ఎడమచెయ్యి ఏం పాపం చేసింది?

జూన్ 26

ఈరోజు ఒక పాత మేడలో లిఫ్టుకు సీలు వేశాను. బ్రేకులు అరిగిపోయాయి. పై అంతస్తులో ఉండే పెద్దాయన కర్రతో మెట్ల దగ్గరికొచ్చి "మరి నేనెలా దిగాలయ్యా?" అన్నాడు. ఎప్పుడూ చెప్పే జవాబే చెప్పాను. మీ ప్రాణం కోసమే కదండీ అన్నాను.

సీలు వెయ్యక తప్పదు. వేశాను. కానీ

జూన్ 28

బజారులో తిరిగాను. ఇప్పుడన్నీ మెత్తగా తాకితే మోగే బటన్లే, వేలు పెడితే లోపలికి దిగే పాతరకం ఎవరి దగ్గరా లేదు. చివరికి ఇంటికొచ్చి మా గుమ్మం పక్కనున్నదే విప్పాను.

మా ఆవిడ స్టూలు పట్టుకుని నిలబడింది. ఏడుస్తుందేమోననుకున్నాను, అక్క చెప్పిందంతా తనకు చెప్పాను కాబట్టి. ముక్కు ఎగబీల్చి అంది, "ఇక మనింటికి ఎవరొచ్చినా వీధిలో నిలబడి అరవాల్సిందే. మీకు అలవాటే, వాళ్ళకీ అవుతుంది."

జూన్ 29

పాడు చేశాను.

తుక్కులోంచి తెచ్చి అంత కష్టపడి బిగించిన స్విచ్చు వైరు నా చేత్తో నేనే పీకాను. అది కూడా ఉంటే పెట్రోలు రెండింతలు చిమ్మి ఇంజన్ మునిగిపోతుంది, రెండూ కలిసి ఉండటానికి లేదు. కొత్త వైరు లాగాను. బటన్ పాత చిల్లుల్లోనే బిగించాను. నా జన్మలో ఇలాంటి పని చెయ్యలేదు. పని చేస్తున్నంతసేపూ పళ్ళు కొరుకుతూనే ఉన్నాను.

పెడల్ స్ప్రింగు మాత్రం తియ్యలేదు. ఆ ఒక్కటి ఎవరు చెప్పినా తియ్యను. బావ లేచొచ్చి చెప్పినా తియ్యను.

జూన్ 30

తెల్లారి వెళ్ళాను. పిలవలేదు. హారన్ కొట్టలేదు. షెడ్డు తలుపులు బార్లా తీసి, స్టీరింగ్ ముందు కూర్చున్నాను. చాలాసేపటికి అక్క వచ్చింది. ఇంట్లో చీర, కాళ్ళకు చెప్పులు లేవు. పక్కన కూర్చుని కిందికి చెయ్యి పెట్టింది. బటన్ తగిలింది. నా వైపు చూడలేదు.

తాళం తిప్పాను. స్టార్టర్ తిరుగుతోంది, తిరుగుతోంది. ఆవిడ నొక్కట్లేదు.

"ఏమైందక్కా? నొక్కు!"

"ఊఁ అనవేం?"

"ఊఁ" అన్నాను.

నొక్కింది. రెండుసార్లు చిన్నగా, ఒకసారి గట్టిగా. ఇంజన్ అందుకుంది. అక్క కళ్ళు మూసుకుంది. ఎంతసేపు అలా కూర్చున్నామో తెలియదు. నేను ఏడ్చాను. కళ్ళు తెరిచాక ఆవిడకు కనిపించింది.

కాసేపు కూర్చుని లోపలికి వెళ్ళిపోతుందనుకున్నాను. లోపలికి వెళ్ళింది గానీ చెప్పులు వేసుకుని, సంచీ పట్టుకుని తిరిగొచ్చింది. "నీ భార్య నన్ను ఎప్పట్నుంచో రమ్మంటోందిగా. పద."

గేటు దాటాం. గేరు మార్చబోతే నా చేతి మీద ఒక్కటిచ్చింది. "క్లచ్ తొక్కు, చాలు." ఇలా ఒకరు క్లచ్, ఒకరు గేరుగా నడపడం నేను చదివిన ఏ రూలు ప్రకారమూ కుదరదు. అయినా తొక్కాను. ఊఁ అన్నాను. ఆవిడ వేసింది. వీధి చివర కూరగాయల బండివాడు మమ్మల్ని చూసి నోరు తెరిచాడు.

పెద్ద రోడ్డు దాకా బాగానే వచ్చాం. సిగ్నల్ దగ్గర ఆకుపచ్చ పడింది. నేను కంగారులో ఊఁ అనడం మరిచి క్లచ్ వదిలేశాను. పై గేరులోనే ఉన్న బండి ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. వేడి మీద ఆగిపోయింది! తాళం తిప్పాను, దగ్గింది. వెనకాల హారన్లు మొదలయ్యాయి. నా తల వేడెక్కింది. దిగి ఎవడో ఒకడి పీక పట్టుకుందామని తలుపు మీద చెయ్యి వేశాను.

ఈలోపు అక్క వైపు అద్దం దిగింది. ఆవిడ సగం బయటికి వంగింది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ మా అక్క గొంతు పక్కగదిలోకి వినిపించలేదు. ఇప్పుడు సిగ్నల్ అంతా వినిపించింది.

"ఏంటయ్యా ఆ మోత? ఆగిపోయిందని కనపడట్లేదూ? కళ్ళున్నాయా, హారన్ ఒక్కటే ఉందా? నీ బండి ఎప్పుడూ ఆగలేదా? నీ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఆగిపోలేదా?"

స్కూటరు మీదున్నవాడు ఏదో గొణిగాడు. అది ఆవిడకు సరిపోలేదు. ఇంకా కొంచెం వంగింది. వాడి వెనకాల కారులోవాడు హారన్ మీంచి చెయ్యి తీసేశాడు.

"ఊఁ" అన్నాను.

"ఉండరా" అంది నా వైపు తిరగకుండా. "వీడి సంగతి తేల్చనీ."

సిగ్నల్ మళ్ళీ ఎర్రబడింది. నేను తాళం పట్టుకుని కూర్చున్నాను.